స్టెప్నీ లేని ఎలక్ట్రిక్ కారు: డిక్కీలో చక్రాన్ని కదలకుండా కట్టేదెలా?

దూరప్రయాణం

అందరికీ నమస్కారం. మా ఎలక్ట్రిక్ కారు స్టెప్నీ లేకుండానే వచ్చింది. డిక్కీ అడుగున చిన్న అర, అందులో గాలి కొట్టే పంపు, పంక్చర్ మందు సీసా, అంతే. ఒక రాత్రి రోడ్డు మీద గుంతలో పడి టైరు పక్క గోడ చీలింది. పంపు ఆన్ చేస్తే మందంతా ఆ చీలికలోంచే తెల్లగా కారిపోయింది. బండి ఎక్కించుకునే వాహనం వచ్చేసరికి నాలుగు గంటలు పట్టింది. మర్నాడే నిర్ణయించుకున్నాను, ఇక స్టెప్నీ లేకుండా ఊరు దాటేది లేదని.

సన్నగా ఉండే తాత్కాలిక చక్రం, అదే స్పేస్ సేవర్, ఒకటి కొన్నాను. అది కింది అరలో పట్టదు. సంచిలో పెట్టి డిక్కీ నేల మీద పడుకోబెట్టాను. బరువుంది కదా, కదలదులే అనుకున్నాను. పోయిన వారం ముందు లారీ ఒక్కసారిగా ఆగితే గట్టిగా బ్రేకు తొక్కాల్సి వచ్చింది. చక్రం జారుకుంటూ వచ్చి వెనక సీటు వీపుకి దబ్బున కొట్టుకుంది. ఆ సీట్లో మా పాప నిద్రపోతోంది. దెబ్బేమీ తగల్లేదు, ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. ఇంటికొచ్చి చూస్తే సీటు వెనక ప్లాస్టిక్ మీద జానెడు గీత పడింది. అప్పటి నుంచి డిక్కీ మూసిన ప్రతిసారీ టెన్షన్‌గా ఉంటోంది.

దీన్ని సరిగ్గా కట్టే పద్ధతి ఎవరైనా చెప్పండి. డిక్కీలో నాలుగు మూలలా మడత కొక్కేలు ఉన్నాయి.

లెక్కలమాస్టారు

పాపకి ఏమీ కానందుకు సంతోషం. అయితే మీరు చూసింది బ్రేకు దెబ్బ మాత్రమే. గుద్దుకుంటే వచ్చే దెబ్బ వేరు.

గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న వస్తువుకి ఉండే శక్తి, దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడినప్పుడు వచ్చే శక్తితో సమానం. అంటే మీ చక్రాన్ని మూడంతస్తుల మేడ మీద నుంచి ఆ సీటు వీపు మీదకి జారవిడిచినట్టే. 80 కిలోమీటర్ల వేగమైతే ఆ ఎత్తు 25 మీటర్లు అవుతుంది.

వెనక సీట్లకి సామాను దెబ్బ పరీక్ష ఒకటుంది, ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 17లో. ఒక్కొక్కటి 18 కిలోల దిమ్మెలు రెండు పెట్టి, 50 కిలోమీటర్ల వేగపు గుద్దుడుకి సీటు వీపు నిలబడుతుందా అని చూస్తారు. సన్న స్టెప్నీ సాధారణంగా 10 నుంచి 15 కిలోలు ఉంటుంది. ఫుల్ సైజు చక్రం 18, 19 అంగుళాల రిమ్‌తో 20 కిలోలు దాటుతుంది. పైగా ఇనప రిమ్ అంచు చదునైన దిమ్మె కాదు, దెబ్బంతా ఒకే చోట పడుతుంది. కాబట్టి సీటు ఆపుతుందిలే అని వదిలేయకండి.

బరువుంది కదా, కదలదనుకున్నారు. చాలామంది అనుకునేదే, కాని బరువుకీ జారడానికీ సంబంధం లేదు. రోడ్డు మీద టైరుకి ఉన్న పట్టుతో పోలిస్తే డిక్కీ కార్పెట్ మీద నైలాన్ సంచికి ఉన్న పట్టు చాలా తక్కువ. అందుకే కారు ఆగింది, చక్రం ఆగలేదు. ఇంకో పది కిలోలు బరువున్నా అలాగే జారేది, ఇంకా గట్టిగా కొట్టేది.

కొత్తకారు

నాదీ ఇదే పరిస్థితి. లగేజీకి వాడే సాగే తాళ్లు, రెండు చివర్లా కొక్కేలుంటాయే, అవి రెండు వేసి కట్టాను. సరిపోదా?

నట్టుబోల్టు

సరిపోదు కొత్తకారు గారూ. సాగడమే వాటి పని. బ్రేకు పడగానే సాగి చక్రాన్ని ముందుకి పోనిస్తాయి, ఆ తర్వాత వెనక్కి లాగుతాయి. గుద్దుడులో కొక్కెం ఊడితే కంటి ఎత్తుకి ఎగిరొస్తుంది. గొడుగు ఊగకుండా పట్టుకోవడానికి వాడుకోండి, చక్రానికి వద్దు.

దూరప్రయాణం గారూ, నేను నాలుగేళ్లుగా ఎలక్ట్రిక్ కారు డిక్కీలో ఫుల్ సైజు చక్రం మోస్తున్నాను. నేను చేసేది వివరంగా రాస్తాను.

మొదట చోటు. చక్రాన్ని పడుకోబెట్టి, వెనక సీటు వీపుకి ఆనించి పెట్టండి. మధ్యలో జానెడు ఖాళీ కూడా ఉండకూడదు. ఆ ఖాళీలోనే చక్రానికి వేగం వస్తుంది, ఆ వేగమే మీ సీటు మీద గీత గీసింది. ఆనుకుని ఉన్నది నెడుతుంది, దూరంగా ఉన్నది గుద్దుతుంది. నిలబెట్టి పెట్టకండి, మలుపులో దొర్లుతుంది. కింద పల్చటి రబ్బరు చాప పరవండి. సంచి ఉంటే చాప సంచికి కింద ఉండాలి.

తర్వాత బెల్టు. సాగని పాలిస్టర్ పట్టీ, రాచెట్ బిగింపుతో (పిడి ఆడిస్తే ఒక్కో పన్ను చొప్పున బిగిసేది) ఉండేది కొనండి. దాని మీద కుట్టిన లేబుల్ ఉంటుంది. అందులో ఎల్‌సీ అనే అక్షరాల పక్కన డెకాన్యూటన్లలో ఒక అంకె ఉంటుంది, పట్టీ ఎంత లాగుడు తట్టుకుంటుందో చెప్పేది అదే. ఒక డెకాన్యూటన్ అంటే మనకి అర్థమయ్యేలా ఇంచుమించు ఒక కిలో బరువు లాగినంత. 15 కిలోల చక్రం 20 జీ కుదుపులో, అంటే దాని బరువుకి 20 రెట్లు లాగే కుదుపులో, 300 కిలోల్లా లాగుతుంది, 25 కిలోలది 500 కిలోల్లా లాగుతుంది. లేబుల్ మీది అంకె దానికి తగ్గకుండా చూసుకోండి. లేబులే లేని పట్టీ ఎంత లావుగా కనిపించినా పక్కన పెట్టండి.

ఇక కట్టే తీరు, అసలు విషయం ఇదే. చాలామంది పట్టీని చక్రం మీదుగా ఒక కొక్కెం నుంచి ఇంకో కొక్కేనికి లాగి బిగిస్తారు. అది చక్రాన్ని కిందికి నొక్కుతుందే కాని ముందుకి పోకుండా ఆపదు. పక్కకి జారితే పట్టీ కిందనుంచి చక్రం తప్పించుకుంటుంది. పట్టీ రిమ్ లోపలినుంచి దూరాలి. నేను రెండు పట్టీలు వాడతాను. మొదటిది వెనక కుడి కొక్కెం నుంచి వచ్చి, రిమ్ చువ్వల మధ్య దూరి, వెనక ఎడమ కొక్కేనికి పోతుంది. ముందుకి పోకుండా ఆపేది ఇదే. రెండోది సీటు వైపున్న రెండు కొక్కేల నుంచి అలాగే. పైనుంచి చూస్తే ఇంటూ గుర్తు కనిపిస్తుంది, నడుమ చక్రం. సన్న స్టెప్నీ ఇనప రిమ్‌కి చువ్వలుండవు, చిన్న కిటికీలుంటాయి. పట్టీ దూరకపోతే నడుమ బొక్కలోంచి పోనివ్వండి. రేకు అంచు తగిలే చోట పాత సీటు బెల్టు ముక్కో మందపాటి గుడ్డో చుట్టండి. నా మొదటి పట్టీ అంచు మీద రాసుకుని ఆరు నెలల్లో నూలు పోగుల్లా లేచింది. చేత్తో తడిమి చూశాను కాబట్టి తెలిసింది.

చివరగా, వెనక సీట్లో ఎవరూ లేకపోయినా సీటు బెల్టులు పెట్టే ఉంచండి. సీటు వీపుకి అదొక అదనపు ఆసరా.

నిదానం

అన్నా, ఇంత శ్రమ అవసరమా? చాలా పంక్చర్లు టైరు నడక భాగంలో, అంటే రోడ్డుకి ఆనే చోట, మేకు దిగి వచ్చేవే. తాడు ప్లగ్గుల కిట్, పంపు ఉంటే పదిహేను నిమిషాల పని. నేను స్టెప్నీ మోయడం మానేశాను. బరువు పెరిగితే రేంజ్ (ఒక ఛార్జింగ్‌తో నడిచే దూరం) కూడా తగ్గుతుంది కదా.

లెక్కలమాస్టారు

రేంజ్ మాట వదిలేయండి నిదానం గారూ. రెండు టన్నుల దగ్గరగా ఉండే కారుకి 15 కిలోలంటే నూటికి ఒక వంతు కూడా కాదు. టైర్లలో గాలి కాస్త తగ్గితే అంతకంటే ఎక్కువ పోతుంది.

ప్లగ్గుల మాట నిజం. మేకుకి ప్లగ్గే మంచిది, నేనూ అదే ముందు వాడతాను. మందు సీసాలు కూడా ఆరు మిల్లీమీటర్ల లోపు బొక్కలకే, అదీ నడక భాగంలోనే. పక్క గోడ చీలితే, రిమ్ వంగితే రెండూ పనికిరావు. ఎలక్ట్రిక్ కార్లకి పెద్ద రిమ్, పల్చటి పక్క గోడ, పైన బండి బరువు. గుంతలో పడితే రెండిటి మధ్య నలిగేది ఆ గోడే. మీరు ఊళ్లో తిరిగేవారైతే మీ పద్ధతి సరైనదే. దూరప్రయాణం గారి అవసరం వేరు.

మందు సీసా మీద గడువు తేదీ ఉంటుంది, చాలామంది చూడరు. కొన్ని ఎలక్ట్రిక్ కార్ల టైర్లలో చప్పుడు తగ్గడానికి లోపల స్పాంజి అతికి ఉంటుంది. మందు కొట్టాక ఆ టైరు బాగుచేయడం షాపువాళ్లకి తలనొప్పి.

మూడోవరుస

బానెట్ కిందుండే ముందు డిక్కీలో పెట్టేస్తే? అక్కడ ఖాళీయే కదా, వెనక లగేజీకి చోటు మిగులుతుంది. కొందరు పెడుతున్నారని విన్నాను.

పానాపట్టినచెయ్యి

వర్క్‌షాపులో ఎలక్ట్రిక్ బండ్ల మీద పనిచేస్తాను. ముందు డిక్కీలో చక్రం పెట్టొద్దు. ఎదురుగా గుద్దుకున్నప్పుడు బండి ముందుభాగం నలగాలి, నలుగుతూ దెబ్బని మింగాలి. తయారుచేసినవాళ్లు ఎంత చోటు నలగడానికి వదిలారో, అందులో మనం నలగని ఇనప చక్రం పెడితే ఆ లెక్క మారిపోతుంది. పాదచారి తగిలినప్పుడు బానెట్ కిందికి లొంగాలి, అదీ లొంగదు. ముందు డిక్కీకి బరువు పరిమితి మాన్యువల్లో రాసి ఉంటుంది, అది మెత్తటి సంచుల కోసం.

ఇంకో మాట, చాలా ముఖ్యం. కొక్కేలు లేవని డిక్కీ నేలకి డ్రిల్ వేయకండి. కొన్ని బళ్లలో ఆ రేకు కింద మోటారు ఇన్వర్టరో ఛార్జరో ఉంటుంది, కేబుళ్లు పోతుంటాయి. నారింజ రంగు తొడుగున్న తీగ కనిపిస్తే అది హై ఓల్టేజ్. ఒక బండి మా దగ్గరికి వచ్చింది, యజమాని స్వయంగా వేసిన బొక్క ఆ నారింజ కేబుల్‌కి రెండు వేళ్ల దూరంలో ఉంది. ఆయనకి చూపించాను, కాసేపు మాట రాలేదు.

కంపెనీ ఇచ్చిన కొక్కేలే వాడండి, వాటికి ఎంత బరువు పరిమితో మాన్యువల్లో చూడండి. సీటు వెనక పిల్లల సీటు పట్టీ తగిలించే కొక్కెం ఉంటుంది, దానికి చక్రం కట్టొచ్చా అని కొందరు అడుగుతారు. అది పిల్లల సీటుకే. మాన్యువళ్లు కూడా వేరే దేనికీ వాడొద్దనే చెబుతాయి.

దూరప్రయాణం

అందరికీ చాలా థ్యాంక్స్. పట్టీలు రెండు ఆర్డర్ పెట్టాను. ఇక్కడే ఇంకో అనుమానం. చక్రం బోల్టు బొక్కలు సరిపోతున్నాయని చూసి కొన్నాను, అంతకుమించి ఏమీ చూడలేదు. మా టైరు 235/45 ఆర్18. కొన్న స్టెప్నీ మీద టి125/80 ఆర్17 అని ఉంది.

లెక్కలమాస్టారు

లెక్క వేద్దాం. మీ అసలు టైరు వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే దాదాపు 106 మిల్లీమీటర్లు. రెండు వైపులా కలిపి 211, రిమ్ 18 అంగుళాలు, అంటే 457. మొత్తం వ్యాసం 669. మీ స్టెప్నీది 125లో 80 శాతం అంటే 100, రెండు వైపులా 200, రిమ్ 432. మొత్తం 632. తేడా అయిదున్నర శాతం, ఎక్కువే. అదే టి135/90 ఆర్17 అయితే 675 వస్తుంది, ఒక శాతం లోపు తేడా.

చిన్న చక్రం పెద్ద చక్రం కంటే ఎక్కువ చుట్లు తిరగాలి. మోటారు తిప్పే ఇరుసు మీద పెడితే డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) మొత్తం దారంతా పనిచేస్తూనే ఉండాలి, చక్రాలు జారకుండా చూసే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ కూడా తికమక పడతాయి. ఈ చక్రమే వాడాల్సి వస్తే మోటారు లేని ఇరుసుకి వేయండి. పంక్చర్ మోటారు వైపే అయితే, మోటారు లేని వైపునుంచి మంచి చక్రాన్ని అక్కడికి మార్చి, ఖాళీ అయిన చోట స్టెప్నీ బిగించాలి. జాకీ రెండుసార్లు ఎత్తే పని, అయినా చేయండి. రెండు ఇరుసులకీ మోటార్లుంటే మాన్యువల్ ఏం చెబుతుందో చూడండి.

బరువు సూచిక కూడా చూడండి. టైరు మీద సైజు పక్కనే రెండు మూడు అంకెలుంటాయి. 91 అంటే 615 కిలోలు, 98 అంటే 750, 104 అంటే 900. మీ అసలు టైరు అంకె కంటే స్టెప్నీ అంకె తగ్గకూడదు. పెట్రోలు కారు నుంచి తీసిన చక్రం బోల్టులకి సరిపోయినా ఇక్కడ తేలిపోతుంది.

పానాపట్టినచెయ్యి

మాస్టారు చెప్పినదానికి తోడు, ఇంటి దగ్గర ఒకసారి నాలుగు చోట్లా బిగించి చూడండి. ముందు చక్రాల బ్రేకు క్యాలిపర్ (బ్రేకు డిస్కుని నొక్కి పట్టే భాగం) పెద్దది. రిమ్ లోపలి వైపు తగులుతుందేమో చేత్తో తిప్పి చూడాలి. నడుమ బొక్క హబ్ (చక్రం బిగించే ఇరుసు చివరి భాగం) మీద సరిగ్గా కూర్చోవాలి. నట్ల మొన కోణంగా ఉందో గుండ్రంగా ఉందో చూడండి, కోణపు నట్ గుండ్రటి గుంతలో పట్టు నిలవదు.

సన్న స్టెప్నీలో గాలి 60 పీఎస్‌ఐ ఉండాలి, మామూలు టైరు కంటే చాలా ఎక్కువ. నెలకోసారి చూడండి. వేగం 80 దాటొద్దు. చక్రం మార్చాక యాభై, వంద కిలోమీటర్లకి నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే పానా) చూసుకోవాలి.

జాకీ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఈ బళ్లలో నేలంతా బ్యాటరీ. జాకీ దాని పెట్టె కింద పెడితే పెట్టె వంగుతుంది. ఎత్తే చోట్లు నాలుగే, వాటిలో కొన్నిటికి రబ్బరు బిళ్ల పెట్టాలి. ఆ బిళ్ల కూడా స్టెప్నీతో పాటే ఉండాలి. జాకీ, పానా, బిళ్ల అన్నీ ఒక సంచిలో వేసి రిమ్ గుంతలో పెట్టండి, పట్టీ ఆ సంచి పిడిలోంచి కూడా పోనివ్వండి. చక్రాన్ని కట్టి జాకీని వదిలేస్తే ఏం లాభం?

నెమ్మదిగావెళ్దాం

ఇంతమంది ఇంత రాశారు, ఒకటి ఎవరూ అనలేదు. స్టెప్నీ బిగించాక, పంక్చరైన చక్రం ఎక్కడికి పోతుంది?

నాకు అనుభవమైంది. సన్న స్టెప్నీకి సరిగ్గా కొలత తీసి చెక్క పీట చేయించుకున్నాను, నడుమ పొడవాటి బోల్టు, పైన పెద్ద వాషరు, రెక్కల నట్. అందంగా కూర్చునేది. ఒక సాయంత్రం వానలో చక్రం మార్చాను. విప్పిన ఫుల్ సైజు చక్రం ఎత్తి డిక్కీలో పెడితే పీట మీద కూర్చోదు, బోల్టు పొడవు చాలదు. దాదాపు రెట్టింపు వెడల్పు, నిండా బురద. చివరికి పిల్లల కాళ్ల దగ్గర పెట్టుకుని ఇంటికి వచ్చాం. దారి పొడవునా దాన్నే చూస్తూ కూర్చున్నాను. కట్టిన చక్రంతో బయల్దేరి, కట్టని చక్రంతో, అంతకంటే బరువైన దానితో తిరిగి వచ్చాను.

మీరు ఏ కట్టు కట్టినా పెద్ద చక్రానికి కూడా అది సరిపోతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

నట్టుబోల్టు

నెమ్మదిగావెళ్దాం గారూ, మంచి మాట చెప్పారు. నేను ఫుల్ సైజే మోస్తాను కాబట్టి నాకు తట్టలేదు. పీట కంటే పట్టీలే నయం అనిపించేది ఇందుకే, పొడవు సర్దుకోవచ్చు. బురదకి పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి, చేతి తొడుగులు ఒక జత పెట్టుకుంటే చాలు.

పాతమాటలు

మధ్యలో చిన్న మాట. మనం స్టెప్నీ అంటాం కదా, అది వేల్స్‌లోని లనెల్లి పట్టణపు వీధి పేరు. 1904లో అక్కడి స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులు కార్లకి అదనపు చక్రం తయారుచేశారు. అప్పటి కార్లు స్పేర్ చక్రం లేకుండానే వచ్చేవి, చువ్వల్లేని వాళ్ల రిమ్‌ని పంక్చరైన చక్రానికే పక్కన బిగించేవారు. 120 ఏళ్లు దాటాక మళ్లీ స్పేర్ లేని కార్ల దగ్గరికి వచ్చాం.

దూరప్రయాణం

చివరికి చేసింది చెబుతాను. కొన్న చక్రం వాపసు ఇచ్చి టి135/90 ఆర్17 తీసుకున్నాను, బరువు సూచిక 104. నాలుగు చోట్లా బిగించి చూశాను, క్యాలిపర్‌కి తగలడం లేదు. కింద రబ్బరు చాప, సీటుకి ఆనించి చక్రం, నట్టుబోల్టు గారు చెప్పిన ఇంటూ కట్టు. కిటికీ అంచులకి పాత నీళ్ల పైపు కోసి తొడిగాను. తర్వాత కారు అసలు చక్రం ఒకటి విప్పి, దాన్నీ అవే పట్టీలతో కట్టి చూశాను. పట్టింది. ఒక పట్టీ మాత్రం అరడుగు పొట్టి అయింది, పొడవుది మార్చుకున్నాను.

చాప మీద చక్రం చుట్టూ సుద్దముక్కతో గీత గీశాను. ఖాళీ మైదానంలో ఒక్కడినే వెళ్లి 60 వేగంలో మూడుసార్లు బ్రేకు గట్టిగా తొక్కాను. దిగి చూస్తే గీత మీద నుంచి చక్రం కదల్లేదు.

నట్టుబోల్టు

బాగుంది. కొత్త పట్టీ మొదట్లో కాస్త వదులవుతుంది. రెండొందల కిలోమీటర్లు నడిచాక ఒకసారి రాచెట్ చూడండి.

దూరప్రయాణం

నిన్న చూశాను. రెండు పళ్లు వదులైంది, బిగించాను. పాప వెనక నిలబడి టార్చి పట్టుకుంది.